ఎండ మారితే గిరాకీ మారుతుంది: బెర్రీ పండ్లపై పాఠకుల ప్రశ్నలు

మహాశివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దల మాట. ఆ రోజుల నుంచి ఉగాది దాటేవరకు విజయవాడ, గుంటూరు బజార్లలోకి స్ట్రాబెర్రీ, ద్రాక్ష, పుచ్చ, కర్బూజ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. ధరలు కూడా వారానికొక తీరుగా ఉంటాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అధిక భాగం ఈ ధరల గురించి, వాటి వెనుక ఉన్న వాతావరణం గురించి ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర పండ్ల దుకాణం. ఫిబ్రవరిలో మహాబలేశ్వరం స్ట్రాబెర్రీ తెప్పించాను. మబ్బు పట్టి చల్లగా ఉన్న నాలుగు రోజులూ బాక్సులు కదలక సగం సరుకు పారబోశాను. ఎండ కాయగానే జనం అడిగారు గాని, అప్పటికి హోల్‌సేల్‌లో సరుకు తక్కువ, రేటు ఎక్కువ. ఆ తరువాతి వారం మళ్లీ సరుకు ముంచెత్తి రేటు పడిపోయింది. ఆర్డరు పెట్టడానికి లెక్క ఏదైనా ఉన్నదా?
— ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: మీరు మూడు వారాల అనుభవం రాశారు, మూడింటికీ మూలం ఒక్కటే. వాతావరణం తోటలోని కాపునూ బజారులోని గిరాకీనీ రెండింటినీ కదిలిస్తుంది, అయితే రెండూ ఒకే వేగంతో కదలవు. ఆకాశం మబ్బు పట్టిన రోజు సాయంత్రానికే మీ దుకాణం ముందు జ్యూసు కోసం, మిల్క్‌షేక్ కోసం ఆగేవారు తగ్గిపోతారు. తోటలో మార్పు అంత త్వరగా కనిపించదు. స్ట్రాబెర్రీ పూత విచ్చిన నాటి నుంచి పండు ఎర్రబడడానికి వెచ్చని రోజులలో మూడు నాలుగు వారాలు చాలు, చల్లని రోజులలో ఐదు వారాలు దాటవచ్చు. వారం రోజులు చల్లగా, మబ్బుగా గడిస్తే మొక్కల మీద ఆకుపచ్చ, తెల్ల కాయలు ఎర్రబడకుండా పేరుకుపోతాయి. ఆ వారం కోతకు పండు తక్కువ. తరువాత నాలుగు రోజులు ఎండ కాస్తే, వేరువేరు రోజులలో పండవలసిన కాయలన్నీ ఒక్కసారి ఎర్రబడి, ఒకే వారంలో బజారు మీద పడతాయి. మీరు చూసిన కొరతా, ఆ వెంటనే వచ్చిన ముంపూ రెండూ ఈ ఒక్క కారణం వల్లనే కావచ్చు.

మామిడి అయితే పక్వానికి వచ్చిన కాయను కోసి, గడ్డిలో మగ్గవేసి, రేటు చూసి బజారుకు తేవచ్చు. స్ట్రాబెర్రీకి ఆ వెసులుబాటు లేదు. కోసిన తరువాత రంగు కొంత ముదరవచ్చుగాని తీపి పెరగదు. అందుచేత రైతు దానిని పండిన రోజునే కోయాలి, కోసిన రోజునే పంపాలి. కోసిన తరువాత తీపి పెరగకపోవడంలో ద్రాక్ష కూడా స్ట్రాబెర్రీ వంటిదే. ఆపి ఉంచడానికి వీలులేని సరుకు ధరను నిర్ణయించేది ఆ ఏడాది మొత్తం దిగుబడి కాదు, ఆ వారం దిగిన సరుకూ ఆ వారం కొన్న జనమూ మాత్రమే. దిగుబడి బాగున్న ఏడాది కూడా రైతు నష్టపోవడానికీ, తక్కువ పండిన ఏడాది కొందరు లాభపడడానికీ ఇదే కారణమని నా అభిప్రాయం.

ఇక మీ విషయంలో మరొక చిక్కు ఉన్నది. మీకు వచ్చే పండు సముద్రమట్టానికి 1,300 మీటర్లకు పైబడిన ఎత్తున, పడమటి కనుమల మీద పండుతున్నది. అక్కడినుంచి పుణెకు సుమారు 120 కిలోమీటర్లు, పుణె నుంచి హైదరాబాదుకు 560, హైదరాబాదు నుంచి మీకు మరో 275. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి బెజవాడలో ముసురు పట్టిన రోజున మహాబలేశ్వరంలో చక్కటి ఎండ కాస్తూ ఉండవచ్చు. అప్పుడు పండు పుష్కలంగా వస్తుంది, కొనేవారు ఉండరు. అక్కడ వాన పడి ఇక్కడ ఎండ మండితే పరిస్థితి తిరగబడుతుంది. వాన పడిన తోటలో తడిసిన పండును బాక్సుకు ఎత్తరు. ఎత్తినా దారిలోనే మెత్తబడుతుంది. చెడిన పండును కూలీలచేత కోయించి పారవేయించాలి, లేకపోతే బూజు పక్క పండ్లకు పాకుతుంది. కూలి మాత్రం మామూలే, రాబడి సున్నా. కొద్దిగా దెబ్బతిన్న పండు మహాబలేశ్వరం పక్కనున్న పంచగని చుట్టుపక్కల జామ్, క్రష్ తయారుచేసే కర్మాగారాలకు పోతుంది. తోట నిండా పండు ఉండి కూడా మీ దుకాణానికి రాకపోవడమంటే ఇదే.

పెద్ద తోటల వారికి కూడా ఈ బాధ తప్పదు. అమెరికా స్ట్రాబెర్రీలో దాదాపు పదింట తొమ్మిది వంతులు పండించే కాలిఫోర్నియాలో 2023 మార్చి 10వ తేదీ అర్ధరాత్రి వేళ పహారో నది కట్ట తెగి, వాట్సన్‌విల్ ప్రాంతపు తోటలు నీట మునిగాయి. వరద నీరు తగిలిన పండును అక్కడి నిబంధనల ప్రకారం తాజా పండుగా అమ్మకూడదు కాబట్టి, నీరు తీసిన తరువాత మొక్క బతికినా ఆ కోత పోయినట్టే. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇంగ్లండులో కనిపిస్తుంది. 2025 వసంతం బ్రిటన్ వాతావరణ శాఖ రికార్డులలోకెల్లా అత్యంత వెచ్చనిది, అత్యధికంగా ఎండ కాసినది. పండు ముందుగా, లావుగా, తియ్యగా వచ్చిందని అక్కడి రైతులు చెప్పారు. అదే ఎండ జనాన్ని కూడా పండ్ల వైపు నడిపిస్తుంది. కాపూ గిరాకీ ఇలా చేయి కలపడం అరుదు.

రెండూ ఎదురెదురుగా నడిస్తే ఏమవుతుందో మన బజారులోనే చూశాము. 2021 చివరిలో కురిసిన అధిక వర్షాలకు నిమ్మ పూత దెబ్బతిన్నది. ఆ వెంటనే వచ్చిన 2022 మార్చి, దేశం మొత్తం సగటు పగటి ఉష్ణోగ్రతల లెక్కన, 1901 నుంచి ఉన్న రికార్డులలో అత్యంత వేడి మార్చి. కాయ లేదు, దాహం ఉన్నది, రంజాన్ కూడా అప్పుడే వచ్చింది. ఒక్కో నిమ్మకాయ 10 రూపాయలు పలికిన ఆ ఏప్రిల్ నెల తెనాలి, గుంటూరు వారికి గుర్తుండే ఉంటుంది.

కాబట్టి ఆర్డరు పెట్టేముందు రెండు చోట్ల వాతావరణం చూడండి. సరుకు బయలుదేరే చోట గడచిన ఐదారు రోజులు ఎలా ఉన్నాయన్నది వచ్చే పండు పరిమాణాన్నీ గట్టిదనాన్నీ చెబుతుంది. విజయవాడలో రాబోయే రెండు మూడు రోజులు ఎలా ఉంటాయన్నది మీ అమ్మకాన్ని చెబుతుంది. అక్కడ వారం రోజుల మబ్బు తరువాత ఎండ వచ్చిందని తెలిస్తే, నాలుగైదు రోజులలో రేటు దిగుతుందని అనుకోవచ్చు. ఆ నాలుగు రోజులూ పెద్ద రేటుకు ఎక్కువ కొనవద్దు. వారానికొకసారి పెద్ద ఆర్డరు పెట్టడం కన్నా రోజు విడిచి రోజు చిన్న ఆర్డరు మేలు. రవాణా ఖర్చు కొంత పెరిగినా పారబోసేది తగ్గుతుంది. మిగిలిన పండు మెత్తబడకముందే పక్క జ్యూసు సెంటరుతో మాట్లాడి, సాయంత్రం ఏడు గంటలకల్లా తగ్గింపు రేటుకు ఇచ్చివేయడం మరునాటి ఆశ కన్నా నయం.

ప్రశ్న: రాత్రి ఎనిమిదింటికి ఎర్రగా నిగనిగలాడుతున్న స్ట్రాబెర్రీ బాక్సు కొన్నాను. ఫ్రిజ్‌లో పెట్టినా మూడోనాటికి అడుగు వరస మీద బూడిద రంగు నూగులాంటి బూజు కనిపించింది. దుకాణదారు పాత సరుకు అంటగట్టాడా? తెచ్చిన వెంటనే కడిగి పెట్టవలసిందా?
— ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, దుకాణదారును వెంటనే తప్పుపట్టకండి. మీరు చూసినది బోట్రైటిస్ అనే శిలీంధ్రం. అది చాలాసార్లు పండు మీద కాక పువ్వు మీదనే చేరుతుంది. పూత సమయంలో వాన పడి, పువ్వు గంటల తరబడి తడిగా ఉండి, గాలి చల్లగా ఉంటే బీజాలు మొలిచి పువ్వులోకి దిగుతాయి. పిందె పెరుగుతున్నంత కాలం పైకి ఏమీ కనిపించకుండా లోపల నిద్రపోయి, పండు తీపెక్కినప్పుడు లేస్తాయి. నెల రోజుల కిందట కొండమీద కురిసిన వాన మీ ఇంటి ఫ్రిజ్‌లో బయటపడిందన్న మాట. ఫ్రిజ్ చలికి ఈ బూజు నెమ్మదిస్తుంది గాని చావదు, సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

కడిగి పెట్టడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. తడి దానికి ఆహారం వంటిది. తెచ్చిన వెంటనే బాక్సు విప్పి, నలిగినవాటినీ బూజు పట్టినవాటినీ తీసివేసి, పొడి కాగితం పరచిన వెడల్పాటి పళ్లెంలో ఒకే వరసగా, ఆకుపచ్చ ముచికలు తీయకుండా పేర్చి ఫ్రిజ్‌లో ఉంచండి. తినేముందే కడగండి, కడిగిన తరువాతే ముచిక తీయండి. ముందే తీస్తే ఆ గుంటలోంచి నీరు లోపలికి చేరి రుచి చప్పబడుతుంది. మార్చి వేడికి బాక్సును బయటికి తీసి, మళ్లీ లోపల పెడుతూ ఉంటే మూత లోపలి వైపు నీటి బిందువులు కడతాయి, అదీ బూజుకే మేలు. బూజు కనిపించిన పండును సగం కోసి మిగతాది పిల్లలకు పెట్టే అలవాటు మాత్రం వద్దు. మెత్తబడినా బూజు లేని పండు జామ్‌కు పనికివస్తుంది. మా బంధువుల ఇంట ఉగాది పచ్చడిలో కూడా వేశారు. ఆ రుచి గురించి ఏమీ రాయకపోవడమే మర్యాద.

ప్రశ్న: చలి ప్రాంతాలలో మంచు కురిసే రాత్రి స్ట్రాబెర్రీ తోటల మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతారని మా తరగతిలో చెప్పారు. పువ్వు చుట్టూ మంచుగడ్డ కడితే అది పువ్వును ఎలా కాపాడుతుంది? వసంతంలో కూడా ఈ అవసరం ఉంటుందా?
— గుంటూరుకు చెందిన ఒక విద్యార్థి, బాపట్ల వ్యవసాయ కళాశాల

జవాబు: మంచి ప్రశ్న. కాపాడేది మంచుగడ్డ కాదు, గడ్డకట్టే ప్రక్రియ. ఒక గ్రాము నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడిని విడిచిపెడుతుంది. పువ్వు మీద పడిన నీరు అదేపనిగా గడ్డకడుతున్నంత సేపు ఆ వేడి అందుతూ, పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. విచ్చిన స్ట్రాబెర్రీ పువ్వు సుమారు మైనస్ 1 డిగ్రీ వద్ద చనిపోతుంది కాబట్టి ఆ ఒక్క డిగ్రీ తేడాయే పంట. అయితే నీరు ఆగకూడదు. తెల్లవారి ఎండకు మంచు కరగడం మొదలయ్యేవరకు చల్లుతూనే ఉండాలి. మధ్యలో పంపు ఆగితే, గాలి తోడైతే, తడి ఆవిరవుతూ పువ్వు నుంచి వేడిని లాగుతుంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 600 కేలరీలు కావాలి, అంటే గడ్డకట్టినప్పుడు ఇచ్చినదానికి ఏడు రెట్లకు పైగా. సగంలో ఆపడం కన్నా అసలు చల్లకపోవడమే మేలన్నది అందుకే.

చలి తగిలిన పువ్వును గుర్తించడం తేలిక. రేకులు తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంటాయి; మధ్యలోని పసుపుపచ్చ బుడిపె మాత్రం మరునాటికి నల్లబడుతుంది. ఆ పువ్వు ఇక పిందె కట్టదు. బుడిపెలో కొంత భాగమే చనిపోతే వంకర పండు వస్తుంది. తేనెటీగలు తిరగనప్పుడు కూడా ఇలాంటి వంకర పండే వస్తుంది. పండు పైన కనిపించే ఒక్కొక్క గింజా పరాగం అందుకుంటేనే దాని చుట్టూ కండ పెరుగుతుంది. వానలో, హోరుగాలిలో, 10-12 డిగ్రీల కన్నా తక్కువ చలిలో తేనెటీగలు సరిగా బయటికి రావు. వసంతంలో ముసురు పట్టిన వారం వంకర పండ్ల రూపంలో నెల తరువాత బజారుకు వస్తుంది.

వసంతంలో కూడా ఈ అవసరం ఉంటుంది, నిజానికి ప్రమాదం అప్పుడే ఎక్కువ. శీతకాలపు చలిని నిద్రలో ఉన్న మొగ్గ తట్టుకుంటుంది. ముందుగా వేడెక్కి మేలుకున్న మొగ్గ తట్టుకోలేదు. 2017లో అమెరికాలోని జార్జియాలో శీతకాలం చివర వెచ్చగా ఉండి బ్లూబెర్రీ పొదలు ముందే పూశాయి, మార్చి నడుమ గడ్డకట్టే చలి వచ్చి పెద్ద నష్టం చేసింది. ఆ చలి జనవరిలో వచ్చి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

స్ప్రింక్లర్ల కథలో బజారుకు సంబంధించిన భాగం కూడా ఉన్నది, దానిని సాధారణంగా తరగతిలో చెప్పరు. 2010 జనవరిలో ఫ్లోరిడాలోని ప్లాంట్ సిటీ ప్రాంతంలో 11 రోజులపాటు గడ్డకట్టే చలి వచ్చింది. రైతులందరూ రాత్రంతా భూగర్భజలాన్ని తోడి చల్లారు. నీటిమట్టం ఒక్కసారిగా దిగిపోయి ఇళ్ల బావులు ఎండాయి, ఆ ప్రాంతంలో వందకు పైగా చోట్ల నేల కుంగి గుంటలు పడ్డాయి. పువ్వులు చాలావరకు దక్కాయి. కానీ చలికి ఆలస్యమైన పండు అంతా మార్చిలో ఒక్కసారి ఎర్రబడింది, అదే సమయానికి కాలిఫోర్నియా పండు కూడా దిగింది. ధర కోత కూలికి కూడా చాలనంతగా పడిపోవడంతో కొందరు రైతులు పండిన తోటలను అలాగే వదిలివేశారు, కొందరు దున్నించారు. మీరు పరీక్షలో రాసేటప్పుడు మొదటి భాగంతో ఆపినా మార్కులు వస్తాయి. ఉద్యోగంలో చేరి రైతుకు సలహా ఇచ్చేటప్పుడు మాత్రం రెండోది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్లో బ్లూబెర్రీ ధర ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. మన వేసవికీ దానికీ సంబంధం ఉన్నదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మన వేసవితో పెద్దగా సంబంధం లేదు, పెరూ దేశపు వసంతంతో ఉన్నది. ప్రపంచంలో బ్లూబెర్రీని అత్యధికంగా ఎగుమతి చేసే ఆ దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల, మనకు దసరా, దీపావళి వచ్చే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు అక్కడ వసంతం, కోత ముమ్మరంగా సాగే కాలం కూడా అదే. 2023లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కడం) వల్ల పెరూ తీరం మామూలు కన్నా వేడెక్కి, పూత ఆలస్యమై, కాపు తగ్గింది. ఆ ఏడాది చాలా దేశాలలో ధర ఎగసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాతో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి మన ప్రభుత్వం బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీల మీద దిగుమతి సుంకం తగ్గించింది గాని, పండే లేనప్పుడు సుంకం తగ్గినా కొనేవారికి తేడా అంతగా తెలియదు. చౌకగా కావాలంటే అక్టోబరు, నవంబరులలో చూడండి.

ప్రశ్న: తెనాలి దగ్గర మాకు ఎకరం షేడ్‌నెట్ ఉన్నది. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండిస్తున్నారు గదా, మేము వేసి ఉగాదికి కోత పట్టి విజయవాడకు పంపితే మహాబలేశ్వరం పండు కన్నా తాజాగా ఇవ్వగలం. వేయమంటారా?
— ఒక యువ రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ఎకరానికి వద్దు. లంబసింగి చలిని తెనాలికి తేలేము. మనం సాధారణంగా నాటే రకాలు పగలు తక్కువగా ఉన్నప్పుడు పూస్తాయి. ఆ విషయంలో మనకు ఇబ్బంది లేదు, గుంటూరు ప్రాంతంలో అతి పొడవైన పగలు కూడా 13 గంటలకు కాస్త అటూఇటే. ఇబ్బంది అంతా వేడితో. 30 డిగ్రీలు దాటితే పూత తగ్గుతుంది, పరాగం చెడుతుంది, కాయ చిన్నదై మెత్తబడుతుంది. రాత్రి కూడా వెచ్చగా ఉంటే మొక్క పండుకు పెట్టవలసిన బలాన్ని ఆకులకూ తీగలకూ పెడుతుంది. షేడ్‌నెట్ మధ్యాహ్నపు ఎండను తగ్గిస్తుంది గాని రాత్రి వేడిని తగ్గించదు. ఫ్యాను, తడి ప్యాడ్ పెట్టిన పాలీహౌస్ అయినా డెల్టా గాలిలోని తేమ వల్ల, నీరు తక్కువ ఆవిరై, రాయలసీమలో చల్లబడినంతగా ఇక్కడ చల్లబడదు.

అక్టోబరు చివర నాటితే మీకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆరేడు వారాల కోత దక్కవచ్చు. మహాబలేశ్వరం వారికి నవంబరు చివరి నుంచి మార్చి దాటేవరకు దక్కుతుంది. ఎకరానికి ఇరవై వేలకు పైగా మొక్కలు, మల్చింగ్ షీటు, డ్రిప్ ఖర్చు మాత్రం ఇద్దరికీ ఒకటే. పైగా మీరు ఆశపడుతున్న ఉగాది నాటికి మీ పండు నాణ్యత పడిపోయి ఉంటుంది. పిల్లలూ పెద్దలూ తోటకు వచ్చి స్వయంగా కోసుకునేలా రెండు మూడు వందల మొక్కలు వేసి చూస్తే తప్పులేదు, దానిని సంపాదనగా కాక సరదాగా లెక్కించండి.

వసంత గిరాకీని అందుకోవాలన్న మీ ఆలోచన మాత్రం సరైనదే. దానికి మీ నేలలో షేడ్‌నెట్ అవసరం లేని పుచ్చ, కర్బూజ ఉన్నాయి. ఇక్కడ జాగ్రత్తగా లెక్కించవలసినది రంజాన్ నెల. అది ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో మార్చి చివర మొదలైనది 2026 నాటికి ఫిబ్రవరిలోకి వచ్చింది. ఎండల గిరాకీ ఏప్రిల్‌లోనే ఉంటుంది, ఇఫ్తార్ గిరాకీ చలికాలం వైపు జరిగిపోతున్నది. 70 రోజుల పంటను ఫిబ్రవరికి తేవాలంటే డిసెంబరు మొదట్లోనే విత్తాలి, అప్పటి చలి రాత్రులకు గింజ మెల్లగా మొలుస్తుంది. ట్రేలలో నారు పెంచి నాటితే కొన్ని రోజులు కలిసివస్తాయి. భూమిని రెండు భాగాలు చేసి, ఒకటి రంజాన్‌కు, మరొకటి మూడు నాలుగు వారాల తరువాత ఎండలకు అందేలా విత్తండి. మార్చిలో అకాల వర్షం పడితే రెండో భాగం కాయ పగలకుండా కోతకు వారం ముందు నుంచే నీరు తగ్గించండి, మురుగు కాలువలు ముందే తీయించండి.

సరదాకైనా స్ట్రాబెర్రీ వేయాలనుకుంటే ముందు బోరు నీటిని పరీక్ష చేయించండి. ఈ మొక్క ఉప్పును ఏమాత్రం ఓర్చుకోదు. నేలలో లవణ సూచిక (పరీక్ష కాగితంలో ఈసీ అని ఉంటుంది, మీటరుకు డెసీసీమెన్స్‌లలో) 1 దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, మన డెల్టాలో చాలా బోర్లది ఉప్పు నీరు. ఫలితం వచ్చిన తరువాత ఆ కాగితం నకలు జతపరచి మళ్లీ రాయండి.